కొత్త సంచిలో కుళాయి నీళ్లు

"ఇవ్వను సార్" అంది ఊయలమ్మ.

అరిచీ అనలేదు, నోట్లో గొణిగీ అనలేదు. పక్కింటావిడ నిచ్చెన అడిగితే "ఇవాళ మాకే పనుందండీ" అన్నట్టు మామూలుగా అంది. అందుకే కాబోలు పెద్దసారు మొదట నవ్వాడు. ఆవిడ మొహంలోకి ఇంకోసారి చూసి, ఆ నవ్వుని మడిచి జేబులో పెట్టేసుకున్నాడు.

"ఇవ్వనంటే ఏంటమ్మా? అదేమన్నా నీ సొంతమా?"

"సొంతమని కాదు సార్. సాకింది నేను. చావడానికి పంపమంటే పంపను."

వాళ్లిద్దరి మధ్యా నలుగుతున్న ఆ "అది" ఏంటో ముందు చెప్పకపోతే, ఈ గొడవంతా ఎవరింటి గొడవో అన్నట్టుంటుంది.

అదొక ప్లాస్టిక్ సంచి. తలగడంత ఉంటుంది. సగం దాకా ఎండుగడ్డి రంగు నీళ్లు, ఆ పైన గాలి. సంచికి అటొక గొట్టం, ఇటొక గొట్టం. దాన్నొక ఉక్కు బల్ల మీద పెట్టి నడుముకి కట్టినట్టు పట్టీలతో కట్టేస్తారు. ఆ బల్ల మన ఇళ్లలో బల్లల్లాగా బుద్ధిగా ఒకచోట నిలబడదు. ఈ కొస లేస్తే ఆ కొస వంగుతుంది, ఆ కొస లేస్తే ఈ కొస వంగుతుంది. పగలనకా రాత్రనకా అదే పని. బల్ల ఊగినప్పుడల్లా సంచిలో ఒక అల ఇటు నుంచి అటు పోయి, అటు గోడకి తగిలి, మళ్లీ ఇటు వస్తుంది. ఆ నీళ్లలో కళ్లకి కనిపించని ప్రాణాలు కోట్లకి కోట్లు.

ఆ ప్రాణాలు జంతు కణాలు. ఎలుకకి వేలు విడిచిన చుట్టం లాంటి ఒక చిన్న జంతువు లోంచి ఏనాడో తీసినవి. ఆ జంతువు పోయింది, దాన్ని పట్టుకొచ్చినవాళ్లూ పోయారు, కణాలు మాత్రం ఒకటి రెండై, రెండు నాలుగై ఇవాళ్టికీ పెరుగుతూనే ఉన్నాయి. కొందరు పిల్లలకి పుట్టుకతోనే ఒక జబ్బుంటుంది, మోకాలు గీసుకుంటే రక్తం ఆగదు. ఆ పిల్లల ఒంట్లో లేనిదేదో, దాన్ని ఈ కణాలు తయారుచేసి నీళ్లలోకి వదులుతాయి. వడకట్టి దాన్ని మందు చేస్తారు. అంత గొప్ప పని చేసే కణాలకి ఒంటి మీద తోలైనా సరిగ్గా ఉండదు, ఉల్లిపొర కన్నా పల్చటి పొర ఒకటి, అంతే. కవ్వం పెట్టి చిలికితే చస్తాయి. చిలక్కపోతే అడుక్కి దిగి, ఊపిరాడక చస్తాయి. అందుకని ఊపాలి. చంటిపిల్లల్ని ఊపినట్టు, ఆగకుండా, అదరకుండా.

ఆ ఊపడం చూసుకునేదే ఊయలమ్మ. పెద్ద చదువే చదివింది. పేరు ముందు డాక్టరని రాసుకోవచ్చు. ఆ మందుల కంపెనీ భవనంలో మాత్రం ఆవిణ్ణి అలా పిలిచిన పాపాన పోయినవాడు లేడు. ఏళ్ల తరబడి ఆ బల్లల పక్కనే కూర్చుని, నీళ్లు ఎటు పోతున్నాయి, ఎటు తిరుగుతున్నాయి, ఏ మూల నిలిచిపోతున్నాయి అని చూసీ చూసీ, ఇంట్లో నిలబడి కూర కలుపుతున్నా ఒళ్లు అటూ ఇటూ ఊగడం అలవాటైపోయింది. ఆ ఊగడం చూసి ఎవరో ఊయలమ్మ అన్నారు. అదే నిలిచింది.

చిన్న సంచిలో పెరిగిన కణాల్ని పెద్ద సంచిలోకి పోస్తే అక్కడ ఇంకా బాగా పెరుగుతాయి. పాలల్లో తోడు వేసినట్టే. అందుకే ఆ గదిలో అందరూ చిన్న సంచిని "తోడు" అనేవాళ్లు. తోడు తయారు కావాలంటే, గడ్డకట్టించి దాచిన చిటికెడు కణాల్ని లేపి, వేడి తగ్గకుండా, మేత తప్పకుండా వారాల తరబడి సాకాలి. అది పోతే మళ్లీ మొదటికి రావాల్సిందే.

ఇప్పుడు పెద్ద సంచి వచ్చింది. మామూలు పెద్దది కాదు, జోడు మంచం మీది పరుపంత. దానికి తగ్గ బల్ల కూడా వచ్చింది. అంత పెద్ద సంచిలో కణాలు కిక్కిరిసిపోతాయి, అన్నిటికీ గాలి అందాలంటే బల్ల బాగా వేగంగా ఊగాలి అని పెద్దసారు ఒక వేగం ఖాయం చేశాడు. ఆయన తెలివితక్కువ మనిషేం కాదు. గాలి అందకపోతే కణాలు చస్తాయన్నది నూటికి నూరుపాళ్లు నిజం. ఊయలమ్మకి ఆ గదిలో మొదటి ఉద్యోగం ఇచ్చిందీ ఆయనే.

కానీ ఊయలమ్మ నమూనాగా ముందే వచ్చిన ఒక పెద్ద సంచిలో ఉత్త నీళ్లు పోసి, రంగు చుక్క వేసి, గసగసాల కన్నా చిన్న పూసలు వదిలి, ఆ వేగంలో ఊపి చూసింది. చూసి నోరు తెరిచింది. వెడల్పాటి తొట్టి నిండా నీళ్లు మోసుకెళ్లినవాళ్లకి ఆ సంగతి తెలుస్తుంది. మెల్లగా నడిస్తే నీళ్లు కదలవు. గబగబా నడిచినా పెద్దగా కదలవు. మధ్యలో ఒక నడక ఉంటుంది, మన అడుగూ నీళ్ల ఊపూ ఒకటైపోయే నడక. అప్పుడు చూడాలి, నీళ్లు ఎగిరొచ్చి మన ఒళ్లోనే పడతాయి. చిన్న సంచిలో నీళ్ల ఊపు మరీ చురుకు, బల్ల ఎంత వేగంగా ఊగినా దాన్ని అందుకోలేదు. పెద్ద సంచిలో నీళ్లు పెద్దమనిషి నడక నడుస్తాయి, బల్ల అందుకుంటుంది. అందుకున్న చోట అల కొసకి పోయి లేచి, తన మీద తానే మడత పడి, విరిగి, తెల్లటి నురగైపోయింది. నురగ బుడగ పగిలిందంటే దాన్ని అంటుకున్న కణం కూడా పగులుతుంది.

సరిగ్గా పెద్దసారు ఖాయం చేసిన వేగం దగ్గరే ఇదంతా జరిగింది. అందుకే "ఇవ్వను సార్" అంది.

మధ్యాహ్నం పెద్దసారు అందర్నీ మేడ మీద అద్దాల గదికి పిలిచాడు. గోడ మీద తెరలో బొమ్మల తమ్ముడి బొమ్మ ఊగుతోంది. ఈ తమ్ముడు ఎవరంటే, నీళ్లు ఎలా పారతాయో కంప్యూటరులో లెక్కకట్టి, వేగంగా పారే చోట ఎర్రగా, నెమ్మదిగా పారే చోట నీలంగా రంగులు నింపి చూపించే కుర్రాడు. మంచివాడే. అందర్నీ అక్కా, అన్నా అంటాడు. తన బొమ్మని మాత్రం ఎవరన్నా ఏమన్నా అంటే మొహం మాడ్చుకుంటాడు.

"అక్క చెప్పినట్టు అల మడత పడటం నా లెక్కలో రావట్లేదు సార్. ఎన్ని రకాలుగా కట్టినా ఆ వేగం దగ్గర శుభ్రంగా ఉంది."

"నీ లెక్కలో లేదని నీళ్లకి చెప్పు నాయనా, మానుకుంటాయి" అంది ఊయలమ్మ.

నలుగురూ నవ్వారు. తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి. కాసేపు తన కాగితాల్లో తల దూర్చి, మళ్లీ ఎత్తి, ఊయలమ్మ రంగునీళ్లు ఊపినప్పుడు తీసిన వీడియో తెర మీద పెట్టాడు.

"అక్కా, ఒక్క మాట అడుగుతా, కోప్పడకు. నీ వీడియోలో సంచి పొట్ట ఎందుకలా కిందికి జారింది?"

"ఎక్కడ జారింది?"

"ఇదిగో, మధ్యలో. కొత్త సంచి ఇలా ఉండదు. బిగుతుగా ఉంటుంది."

ఊయలమ్మ తెర వంక చూసింది. నిజమే. తన సంచి నడుమ దగ్గర బాగా తిన్నవాడి పొట్టలాగా జారి ఉంది. రోజూ చూస్తూ ఉండటం వల్ల అది కళ్లకే ఆనలేదు.

"అది... కడిగింది" అంది.

"కడిగిందంటే?" అన్నాడు పెద్దసారు.

"నీళ్లు పోసి చూసినదాన్ని పారేయడానికి మనసొప్పలేదు సార్. కడిగి ఆరబెట్టి మళ్లీ వాడాను."

"ఎన్నిసార్లు?"

"లెక్కపెట్టలేదు."

గదిలో నవ్వు పొంగింది. అసలు ఆ సంచుల గొప్పతనమే ఒక్కసారి వాడి పారేయడం కదా. కడిగే పని ఉండదు, పాతదాని మురికి కొత్తదానికి అంటదు అనే కదా వాటిని కొనేది. "ఒక్కసారి వాడే సంచిని ఉతికి ఆరేసిందట" అని వెనకనుంచి ఎవరో అంటే, ఇంకెవరో "ఇస్త్రీ కూడా చేసుంటుంది" అన్నారు. తమ్ముడు నవ్వలేదు, తల దించుకున్నాడు. పెద్దసారూ నవ్వలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఊయలమ్మకి ఆ తుడుచుకోవడమే ఎక్కువ గుచ్చుకుంది.

ఎందుకంటే తమ్ముడన్నది నిజం. వాడగా వాడగా ప్లాస్టిక్ సాగుతుంది. పొట్ట జారుతుంది. పొట్ట జారితే మధ్యలో నీళ్లు లోతవుతాయి. లోతు పెరిగితే అల నడక మారిపోతుంది. ఈ ముక్క కొత్తగా చేరినవాళ్లకి పాఠంలా చెప్పేది తనే.

"తప్పు నాదే సార్" అంది. "ఆ లెక్క పారేయండి."

"అయితే రేపు మధ్యాహ్నం తోడు పెద్ద సంచిలో పడాలి. మందు కొనేవాళ్లకి మాట ఇచ్చాను, వాళ్లు చూడటానికి వచ్చేవేళకి అది ఊగుతూ ఉండాలి. లేదంటే ఆ గది ఇంకొకరికి అప్పగిస్తాను. ఇక ఇందులో మాట్లాడుకునేది ఏమీ లేదు."

ఊయలమ్మ తన కాగితాలు సర్దుకుంది. ఒప్పుకుందనుకుని అందరూ లేచి వెళ్లిపోయారు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి వసారాలో తీగ మీద పాల కవర్లు, చక్కెర కవర్లు వరసగా ఆరేసి ఉన్నాయి. అవి అత్తగారి సొత్తు. ఆవిడ తన కాలంలో పెద్దాసుపత్రి బట్టలుతికే చోట పనిచేసింది. ఏ వస్తువునైనా చూడగానే దీన్ని ఇంకోసారి వాడొచ్చా అనే చూస్తుంది. కొడుకు రైలు నడుపుతాడు, ఇంట్లో ఉండేది తక్కువ. అత్తాకోడళ్లే ఒకరికొకరు కాలక్షేపం, ఒకరికొకరు తలనొప్పి.

"ఏంటే, మొహం పిండి ఆరేసినట్టుంది?" అంది అత్తగారు తువ్వాళ్లు మడతపెడుతూ.

"అంతా మీ వల్లే అత్తయ్యా."

"నేను గడప దాటలేదే ఇవాళ."

జరిగిందంతా చెప్పింది. అత్తగారు వింటూ వింటూ మడత మధ్యలో ఆపి, నవ్వు మొదలుపెట్టి, దగ్గొచ్చేదాకా నవ్వింది.

"పాల కవరు కడగమన్నాను గానీ, మీ ఆఫీసు కవరు కడగమన్నానా పిల్లా?"

"మీ ఇంట్లో ఇన్నేళ్లుంటే చెయ్యి దానంతటదే కడిగేస్తుంది."

"బాగుంది. రేపు నువ్వు పప్పు మాడ్చినా నా వల్లే అను. సరే, ఆ తోడు ఇస్తావా?"

"ఇవ్వకపోతే ఆ గదిలోంచి పంపించేస్తారు."

"నేనడిగింది అది కాదే."

ఊయలమ్మ కుర్చీలో కూలబడింది. అత్తగారు మడత పూర్తిచేసి, తువ్వాలు ఒళ్లో పెట్టుకుని దాన్ని నిమురుతూ అంది.

"మా చోట ఒక సూపర్‌వైజరుండేవాడు. తొందరైపోతోంది, అంటురోగాల వార్డు దుప్పట్లు, మామూలు దుప్పట్లు ఒకే తొట్టిలో వేసేయమన్నాడు. నేను తొట్టి అంచు మీదెక్కి కూర్చున్నా. నన్ను కూడా కలిపి వేసేయండి, ఒక పని అయిపోతుంది అన్నా."

"ఏం చేశాడు?"

"ఏం చేస్తాడు, తిట్టాడు. మీ మావయ్యతో కాపురం చేసినదాన్ని, తిట్లు నాకో లెక్కా."

"తర్వాత?"

"తర్వాత నన్ను ఇస్త్రీకి మార్చారు. ఇదిగో, ఈ మచ్చ అప్పటిదే. ఊరికే పోతుందా మరి. కానీ నేను ఉన్నన్నాళ్లూ ఆ దుప్పట్లు వేరేగానే ఉతికారు."

"మీరు చేస్తున్నది సరైనదని మీకు తెలుసు అత్తయ్యా. నాకు తెలీదు. నేను చూసింది పాత సంచిలో. కొత్త సంచిలో ఆ అల ఎలా నడుస్తుందో నాకూ తెలీదు, వాళ్లకీ తెలీదు. తమ్ముడి బొమ్మకీ తెలీదు."

"మరైతే కొత్తదాంట్లో నీళ్లు పోసి చూడండి. అదేమన్నా బ్రహ్మవిద్యా?"

"ఉన్నది ఒక్కటే. అందులో మామూలు నీళ్లు ఒక్క చుక్క పడ్డా ఇక మందు పెంచడానికి పనికిరాదు. ఇంకోటి రావాలంటే వారాలు పడుతుంది."

"అంటే అది ఒక్కసారికే పనికొస్తుంది."

"ఒక్కసారికే."

"అయితే ఆ ఒక్కసారీ దేనికి వాడాలన్నదేగా మీ గొడవ" అని అత్తగారు తువ్వాళ్ల దొంతర ఎత్తుకుని లోపలికి పోయింది. పోతూ పోతూ, "టీ పెట్టు, నాకు చక్కెర వెయ్యి, మీ ఆయనలాగా చప్పటిది ఇవ్వకు" అని కేకేసింది.

మర్నాడు పొద్దున్న ఊయలమ్మ తిన్నగా పెద్దసారు గదికే వెళ్లింది. దొంగచాటు పని తన ఒంటికి పడదు. కొత్త సంచిలో నీళ్లు పోసి చూద్దాం సార్ అని అడిగింది. ఆయన తల కూడా ఎత్తలేదు.

"ఉన్న ఒక్కదాన్ని నీళ్లపాలు చేస్తానా? నిన్ననే అయిపోయింది ఆ మాట."

"చూడకుండా తోడు పోస్తే అది నీళ్లపాలు కాదా సార్?"

"అమ్మా, నీకు చెప్పే ఓపిక నాకు లేదు. మధ్యాహ్నం కల్లా పోయించు."

"నేనైతే చూసే తీరతాను. మీకు ముందే చెబుతున్నాను" అంది. ఆయన అది బెదిరింపు అనుకున్నాడు. అందుకే పట్టించుకోలేదు.

కొత్త సంచి పెద్ద బల్ల మీద పట్టీలతో కట్టి, పైన తొడుగుతో సహా పడుకుని ఉంది. పక్కనే చిన్న బల్ల మీద తోడు ఊగుతోంది. ఊయలమ్మ తల మీద టోపీ సర్దుకుంది, చేతికి తొడుగులు వేసుకుంది. వేసుకున్నాక, ఇంక ఈ తొడుగులెందుకని తీసేసింది. సంచి మీది తొడుగు చింపింది. గొట్టం కొసన ఉన్న మూత విప్పింది. చేతులు కడుక్కునే కుళాయికి ఒక పొడుగాటి గొట్టం తగిలించి, దాని రెండో కొస సంచి గొట్టానికి బిగించింది.

బొమ్మల తమ్ముడు అప్పుడే లోపలికొచ్చాడు.

"అక్కా, ఏం చేస్తున్నావ్?"

"కనిపించట్లేదా?"

"అక్కా, అది కొత్త సంచి."

"కొత్తది కాబట్టే."

కుళాయి తిప్పింది. గొట్టంలో గాలి బుడబుడమని, ఆ వెనకే నీళ్లు పరిగెత్తుకొచ్చి సంచిలో పడ్డాయి. ఇక ఆ సంచిని దేవుడు దిగొచ్చినా మళ్లీ కొత్తది చేయలేడు. తమ్ముడు గోడకి జారబడ్డాడు.

"నేను సారుకి చెప్పాలక్కా. చెప్పకపోతే నాకు మాటొస్తుంది."

"చెప్పు. మెల్లగా వెళ్లు, మెట్లు ఇప్పుడే కడిగారు."

పెద్దసారు వచ్చేసరికి సంచి అడుగంతా నీళ్లు పరుచుకున్నాయి. మెట్లెక్కి వచ్చిన ఆయాసమో, కోపమో, గుమ్మం పట్టుకుని రొప్పాడు.

"ఆపు" అన్నాడు.

"ఆపితే అరకొర నీళ్ల సంచి మిగులుతుంది సార్. నిండనిస్తే సంగతేంటో తెలుస్తుంది."

"నీకు మతి పోయిందా? అంతమంది ముందు నిన్న తప్పు ఒప్పుకున్నావు."

"పాత సంచి తప్పు ఒప్పుకున్నాను. ఇవాళ కూడా ఒప్పుకుంటాను, కావాలంటే మైకు తెప్పించండి. కానీ నేను పాతదాంట్లో చూడటం తప్పయితే, మీరు అసలు చూడకుండా పోసేయడం ఒప్పెలా అవుతుంది?"

"ఉద్యోగం సంగతి ఆలోచించావా?"

"ఆలోచించకుండానే కుళాయి తిప్పానా?"

పెద్దసారు కుళాయి వంక చూశాడు. కట్టేయొచ్చు, చెయ్యి చాపితే అందుతుంది. కానీ కట్టేసి మాత్రం ఏం లాభం? అది ఆయనకీ తెలుసు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కణాలు నిండాల్సిన సంచిలో కుళాయి నీళ్లు నిండుతూ ఉంటే, ముగ్గురూ చావింట్లో చుట్టాల్లాగా కూర్చున్నారు. మధ్యలో తమ్ముడికి తుమ్మొచ్చి, "క్షమించండి" అన్నాడు, ఎవరికో.

కావలసినన్ని నీళ్లు పడ్డాక ఊయలమ్మ కుళాయి కట్టి, పైన గాలి పట్టించింది. సంచి బిగుతుగా లేచింది, ఎక్కడా పొట్ట జారలేదు. ఊయలమ్మ రంగు చుక్కలు వదిలి, నురగ పుడితే కంటికి కనిపించేలా కొంచెం సబ్బునీళ్లు కలిపి, బల్ల మీట నొక్కింది.

ఆ బల్లలకి ఒక పద్ధతుంది. ఒక్కసారిగా పరుగెత్తవు. కణాలు బెదరకుండా మెల్లమెల్లగా వేగం పెంచుకుంటూ పోతాయి. బల్ల ఊగింది. అల సాఫీగా అటు పోయింది, ఇటు వచ్చింది. వేగం ఇంకొంచెం పెరిగింది. ఇంకా సాఫీగానే ఉంది. పెద్దసారు కాలు మీద కాలు వేసుకున్నాడు.

అంతలో నీళ్ల చప్పుడు మారింది. పెద్దసారి వేగం ఇంకా చాలా దూరం ఉండగానే, అల కొసకి పోయి ఆగింది, లేచింది, సంచి నెత్తిని గుద్దింది. మడత పడి విరిగి వెనక్కి దూకింది. రెండో కొసన అదే పని. బల్ల పట్టీలు కిర్రుమన్నాయి. రంగంతా కలిసిపోయి తెల్లటి నురగ సంచి పైదాకా ఎగబాకింది. తమ్ముడు లేచి నిలబడ్డాడు. పెద్దసారి కాలు నేల మీదకి దిగింది.

బల్ల తన మానాన తాను వేగం పెంచుకుంటూనే పోయింది. అలా పోగా పోగా, చిత్రమేంటంటే, నీళ్లు నెమ్మదించాయి. బల్ల ఒకవైపు వంగితే నీళ్లు తీరిగ్గా రెండోవైపు పోతున్నాయి. గబగబా నడిచేవాడి చేతిలో తొట్టిలాగా. పెద్దసారు ఖాయం చేసిన వేగం వచ్చేసరికి అల పల్చగా, మర్యాదగా ఉంది. నురగ మెల్లగా చల్లారుతోంది.

పెద్దసారు ఊపిరి వదిలాడు.

"చూశావా? నా వేగం దగ్గర ఏమీ లేదు."

ఊయలమ్మ అల వంక మళ్లీ చూసింది. లేదు. నిజంగానే లేదు. తను భయపడ్డ వేగం దగ్గర నీళ్లు శుభ్రంగా ఉన్నాయి. తన పాత సంచి తనకి అబద్ధమే చెప్పింది. కానీ ఇందాక చూసిందేంటి మరి?

"మీ వేగం దగ్గర లేదు సార్. దారిలో ఉంది."

"దారిదేముంది, దాటిపోతుంది."

"దాటేలోపే చస్తాయి సార్. చూశారుగా, ఆ దారి దాటడానికి ఎంతసేపు పట్టిందో. పైగా ఒక్కసారి దాటితే అయిపోతుందా? పొద్దునా సాయంత్రం గొట్టంలోంచి చెంచాడు నీళ్లు తీసి చూడాలంటే బల్ల నెమ్మది చేస్తాం. దిగేటప్పుడు ఒకసారి, ఎక్కేటప్పుడు ఒకసారి. అది రోజూ చిలకడమే."

పెద్దసారు తమ్ముడి వంక చూశాడు. తమ్ముడు చేతులు నలుపుకున్నాడు.

"నేను కట్టింది బల్ల ఆ వేగానికి చేరాక ఎలా ఉంటుందో అదే సార్. దారి కట్టలేదు."

"నేనూ చూడలేదురా" అంది ఊయలమ్మ. "నేనూ ఆ ఒక్క వేగం దగ్గరే కళ్లు పెట్టుకు కూర్చున్నా."

పెద్దసారికి అప్పుడు ఇంకో సంగతి తట్టింది. కళ్లద్దాల మీదుగా చూశాడు.

"వేగం మెల్లమెల్లగా పెంచాలని, అలాగైతేనే కణాలకి మంచిదని రూలు పెట్టిందెవరు?"

ఆ రూలు పెట్టింది ఎవరో ముగ్గురికీ తెలుసు.

"నేనే" అంది ఊయలమ్మ. "చిన్న సంచికి అదే మంచిది."

"మరి?"

"మరేముంది. పెట్టింది నేను కాబట్టి మార్చేదీ నేనే."

అడక్కుండానే బల్ల ఆపింది. నురగ అణిగేదాకా ఆగి, ఈసారి మెల్లగా పెంచే పద్ధతి తీసేసి, ఒక్క ఊపున పై వేగానికి తోసింది. నీళ్లు ఒక్కసారి ఉలిక్కిపడ్డట్టు లేచి, కొసకి తగిలి, నాలుగు బుడగలు వదిలి, మళ్లీ బుద్ధిగా పల్చటి అలలోకి దిగిపోయాయి. తమ్ముడు సంచి మీదికి వంగి, "అంతేనా" అని తనలో తనే అనుకున్నాడు.

పెద్దసారు చాలాసేపు ఆ అలనే చూశాడు. చూసి, కుర్చీలోంచి లేచాడు. ఆయన మొహంలో కోపం పోలేదు. పోతుందని ఊయలమ్మా అనుకోలేదు. సంచి పోయింది. ఇచ్చిన మాట పోయింది. వచ్చేవాళ్లు వచ్చి కుళాయి నీళ్లు చూసి పోవాలి.

"ఈ సంచికి జవాబు ఎవరు చెబుతారు?"

"నేనే చెబుతాను. వాళ్ల ముందు నిలబడి చెబుతాను. పోసింది నేనేనని, అడిగితే వద్దన్నారని కూడా."

"అది కూడా చెబుతావా?"

"అడిగితే అబద్ధం చెప్పనా సార్?"

ఆయన దవడ బిగిసింది. "కొత్త సంచి వచ్చేదాకా తోడు బతికుండాలి. అది తమ్ముడు చూసుకుంటాడు. నువ్వు రేపట్నుంచి కింద సామాన్ల గదిలో కూర్చో."

ఊయలమ్మకి ఇది ముందే తెలిసిందే. తెలిసి ఉండటం వేరు, చెవిన పడటం వేరు. నోరు తెరవబోయింది. తమ్ముడు ముందు తెరిచాడు.

"నాకు సాకడం రాదు సార్. బొమ్మలే వచ్చు."

"నేర్చుకో."

"నేర్చుకోనండి" అన్నాడు తమ్ముడు. అని, తనన్న మాటకి తనే బెదిరి, గోడ వైపు రెండడుగులు వేశాడు. అక్కడే నిలబడ్డాడు కానీ, మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

పెద్దసారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. తోడు సంచి పక్కన ఊగుతోంది. దాన్ని బతికించేవాళ్లు ఆ భవనంలో ఇంకెవరున్నారో వెతుక్కుంటున్నట్టు ఆయన కళ్లు కాసేపు గోడల మీద తిరిగాయి.

"కొత్త సంచి నిండేదాకా ఉండు" అన్నాడు చివరికి. "ఆ తర్వాత చూద్దాం."

"ఆ తర్వాత కూడా ఇక్కడే ఉంటాను సార్. మీరు చూడండి, ఫర్వాలేదు."

గుమ్మం దాకా వెళ్లి ఆయన ఆగాడు. వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"ఆ దారిలో ఎంతసేపుంటే ఎంత నురగొస్తుందో, ఎంత త్వరగా దాటాలో, సాయంత్రానికల్లా నా బల్ల మీదుండాలి."

"సాయంత్రానికి కుదరదు. రేపు" అంది ఊయలమ్మ. "ఇప్పుడు తోడుకి మేత పెట్టే వేళయింది."

చేతికి కొత్త తొడుగులు వేసుకుని, మేత గొట్టం అందుకుంది.